తెగిన నీలిగీత

ఏడో ప్రశ్న దగ్గరికి రాగానే గ్లోరీ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని కాగితాలు ఇంకోసారి తిరగేసింది.

"సార్, ఒక్కసారి ఇవి సూస్తరా?" అంటూ జవాబు పత్రాల కట్టను నా ముందుకు జరిపింది.

ఆమె నల్లగొండలో ఎం.ఎడ్. చదువుతోంది. బడి అట్లాసుల్లో ఉండే గుర్తులు పిల్లలకు ఎంతవరకు అర్థమవుతున్నాయన్నది ఆమె పరిశోధన. పన్నెండు బడులు తిరిగి పదమూడోదిగా మా ఉన్నత పాఠశాలకు వచ్చింది. కల్వకుర్తి నుంచి లోపలికి పన్నెండు కిలోమీటర్లు మా ఊరు. నేనిక్కడ సోషల్ చెప్తాను. పేరు విజేందర్. పదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా నేనే. పటంలో ఊళ్లు, నదులు గుర్తించమంటే మా పిల్లలకు ఒక్క మార్కు పోదని నాకు కొంచెం పొగరు. అందుకే ఆమె ఫోన్ చేసి వస్తానంటే, రేపే రమ్మన్నాను.

ఏడో ప్రశ్నలో ఒక నీలిగీత గీసి ఉంది. గీత నిండుగా లేదు, మధ్యమధ్యలో తెగి ఉంది. ఈ గుర్తు దేనికి అని అడిగారు.

"మిగతా బడుల్ల గూడ తప్పులే రాసిండ్రు సార్. గని తీరొక్క తప్పు. ఒకరు రైలు పట్టాలన్నరు, ఒకరు జిల్లా సరిహద్దన్నరు, ఒకరు పైపులైనన్నరు. మీ తాన ఇరవై ఎనిమిది మంది ఉంటే ఇరవై ఎనిమిది మందీ 'అచ్చు తప్పు' అని రాసిండ్రు. గిట్ల నేనెక్కడ సూడలే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో నాకు ఆ క్షణం తెలిసింది. ఆమె నన్నేమీ అనలేదు. నేనే గబగబా అన్నాను: "కాపీ కొట్టి ఉంటరు మేడం. ఒకడు రాసింది సూసి అందరు దింపిండ్రు. ఈ కాలం పిల్లలు గట్లనే ఉన్నరు."

తలుపు దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ అనూహ్య తల ఎత్తి నావైపు చూసింది. క్లాసులో ఎవరి కాగితంలోకీ తొంగిచూడని పిల్ల అది. రిజిస్టరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నిజం చెప్పాలంటే ఆ జవాబు వాళ్లకు నేర్పింది నేనే.

రాష్ట్రం వచ్చిన మూడో ఏడు అది. దసరాకు జిల్లాలు విడదీశారు. పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. మా చేతిలో ఉన్న అట్లాసులకు మాత్రం ఆ కబురు అందలేదు. వాటిలో మేమింకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నాం. పిల్లలు ఏ పేజీ తీసినా "సార్, గిదేంది గిట్లుంది" అని లేచేవాళ్లు. "అది పాతది, కొట్టెయ్. ఇది తప్పు, దిద్దుకో" అని చెప్పీ చెప్పీ నాకది నోటికి అలవాటైపోయింది. అసలే నాకు ముక్కు మీద కోపం. పైగా నవంబరు దాటుతోంది, సిలబస్ సగం మిగిలి ఉంది.

అలాంటి రోజున మల్లీశ్వరి లేచి నిలబడింది. గొర్లు కాసే గుర్వయ్య బిడ్డ. రెండో బెంచీలో కూర్చునేది. ప్రశ్న అడగనిదే దానికి పొద్దు గడవదు.

"సార్, గీ నీలం గీత నడుమ నడుమ తెగిందేంది సార్? కృష్ణ గీత తెగలే. మనూరి వాగు తెగింది, దుందుభి ఏటి పక్కపొంటి వచ్చేటియి గూడ తెగినయి."

ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి! కృష్ణ తెగలేదు, మన వాగు తెగింది అంటోంది. ఇంకొక్క అడుగు వేస్తే జవాబు తనే చెప్పేసేది. నాకు ఆ గుర్తు ఏమిటో తెలియదు. పద్నాలుగేళ్ల సర్వీసులో ఆ గీత వంక సరిగ్గా చూడనే లేదు, ఎందుకంటే అది పరీక్షలో రాదు. అట్లాసు చివరి పేజీ తిప్పితే గుర్తుల పట్టిక ఉంటుంది, అర నిమిషం పని. తిప్పడానికి నాకు నామోషీ అనిపించింది. పిల్లల ముందు సారు పుస్తకం వెతుక్కోవడమా?

"అచ్చు తప్పు. రంగు సరిగ పడలే. ఆ అట్లాసుల ఏది సక్కగున్నది గనక! నీలమంటే నీళ్లు, అంతే. కూసో."

కూర్చుంది. అందరూ రాసుకున్నారు.

గ్లోరీ మేడం బస్సెక్కి వెళ్లాక స్టాఫ్ రూములో ఒక్కణ్నే అట్లాసు చివరి పేజీ తీశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నిండు నీలిగీత పక్కన 'ఏడాది పొడవునా పారే నది' అని ఉంది. దాని కిందే తెగిన నీలిగీత. 'వానాకాలంలో మాత్రమే పారే వాగు'. చిన్న పిల్లలకు కూడా తెలిసేంత తేటగా ఉంది.

సరే, రేపు ఆదివారం, ఎల్లుండి క్లాసులో మెల్లగా సరిదిద్దేస్తే పోతుంది అనుకున్నాను. సరిదిద్దేటప్పుడు నా తప్పు అని చెప్పకుండా ఎలా సరిదిద్దాలా అని కూడా ఆలోచించాను. అంతలో రిజిస్టరు మీద కన్ను పడింది. ఇరవై తొమ్మిది మందిలో ఆ రోజు రానిది ఒక్క మల్లీశ్వరే. వారం నుంచీ రావడం లేదు.

సోమవారం అనూహ్యను అడిగాను.

"వాళ్ల గొర్లు సచ్చినయంట సార్," అంది. ఆగి, నా కళ్లలోకి చూసి, మిగతాది చెప్పింది. "మల్లీశ్వరి అట్లాసుల సూసి దారి జెప్పిందంట. ఆ దారిల పోతే నీళ్లు దొరకలేదంట."

ఆ పీరియడంతా ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

సాయంత్రం బండి వేసుకుని వాళ్లింటికి పోయాను. గుర్వయ్య మంచం వాల్చి కూర్చోమన్నాడు. ఆయన భార్య గుర్వమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. మల్లీశ్వరి గుంజకు ఆనుకుని నిలబడింది. నమస్తే పెట్టింది గానీ నావైపు చూడలేదు.

జరిగింది గుర్వయ్యే చెప్పాడు. ఏటా యాసంగిలో వాళ్ల మంద ఆత్మకూరు దిక్కు కృష్ణ ఒడ్డుకు పోతుంది. ఈసారి ఆ దారి పొడుగునా ప్లాట్లు చేసి కంచెలు వేశారు. అందుకని హుజూర్‌నగర్ దిక్కు పోదామనుకున్నారు. అక్కడ కాలువ కింద కోసిన పొలాల్లో మేత దొరుకుతుందని ఎవరో చెప్పారు. కొత్త దారి. తారురోడ్డు పట్టుకుని చెరువు చెరువుకూ ఆగుతూ పోదామని ఆయన అన్న కురుమయ్య అన్నాడు. అలా అయితే నాలుగు రోజులు ఎక్కువ. గుర్వయ్య బిడ్డను అడిగాడు.

"పుస్తకంల వాగులుంటయి గద, జర సూడు బిడ్డా అన్న. సూసి, గీడ వాగున్నది నాయినా, సక్కగ పోతది అన్నది. నేనే నీళ్ల మాట ఇచ్చిన."

నీళ్ల మాట అంటే నాకు తెలియదు. ఆయనే విడమరిచి చెప్పాడు. వాళ్ల మందలో నాలుగు ఇళ్ల గొర్లు కలిసి నడుస్తాయి. ముందు నీళ్లున్నాయని ఎవరో ఒకరు పూచీ పడితే గానీ మంద కదలదు. అదే నీళ్ల మాట. ఆ మాట అబద్ధమైతే, చెప్పినవాళ్లు వానలు పడేదాకా మంద ముందు నడుస్తూ నీళ్ల జాడ వెతకాలి, గొర్రెపిల్లలకు నీళ్లు మోయాలి. తిట్టడం, కొట్టడం ఏమీ ఉండదు. నడవాలి, అంతే.

"ఒక రోజూ ఒక పూట నడిసినం సార్. వాగు కాడికి పోతే ఉత్త ఇసుక. మోకాలు లోతు చెలిమ తోడితే తడి రాలే. గొర్లు ఆగుతయా? పక్కనే ఒక మడి కనబడ్డది. నీళ్ల వాసన పట్టి ఉరికినయి. అప్పుడే యూరియా సల్లిండ్రంట ఆ మడికి. మేం కొట్టి మలిపేసరికి తాగేటియి తాగినయి. పొద్దుగూకేసరికి కడుపులుబ్బి ముప్పై ఒకటి సచ్చినయి. మిగిలినయి మలుపుకొని ఊరికి వచ్చినం."

లోపలి నుంచి గుర్వమ్మ అంది. "పరీక్షలైనంక పంపుదమంటే ఇంటలేడు సార్. మీరన్న చెప్పుండ్రి."

"నేనెట్ల ఇడ్సిపెడుదు?" అన్నాడు గుర్వయ్య. గొంతు పెంచలేదు. "సచ్చినయి నా ఒక్కనియి గావు. దారి జెప్పింది నా బిడ్డ. నా బిడ్డని ఇడ్సిపెడితే రేపు ఎవ్వని మాటకు ఇలువుంటది? బేస్తారం మంద కదుల్తది. నాతోని అదిగూడ వస్తది."

బేస్తవారానికి మూడు రోజులుంది. పదో తరగతి పరీక్షలకు పన్నెండు రోజులుంది.

గుర్వయ్య లేచి లోపలి నుంచి అట్లాసు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "సూడుండ్రి సార్, నాకైతే సదువు రాదు. గిదే పేజీ. గీత నిండుగనే ఉన్నది గద? మరి యాడ తప్పిందో దానికే తెల్వాలె. తప్పు సదివినట్టున్నది."

చూశాను. గీత నిండుగానే ఉంది. తెగిన ప్రతి చోటా మల్లీశ్వరి నీలం పెన్నుతో కలిపింది. స్కేలు పెట్టకుండా, గీత వంపు తిరిగిన చోటల్లా వంపు తిప్పుతూ, ఎక్కడా రంగు పక్కకు పోకుండా దిద్దింది. అచ్చు తప్పును బాగు చేసింది. వాగు మొదలైన చోటు నుంచి కలిసేదాకా ఒక్క సందు వదల్లేదు. ఎన్ని రోజులు కూర్చుని చేసిందో!

తల ఎత్తితే మల్లీశ్వరి నన్నే చూస్తోంది. చెప్తుంది, ఇప్పుడు చెప్పేస్తుంది, సారే చెప్పిండని వేలు చూపిస్తుంది అనుకున్నాను. ఆ పిల్ల చూపు దించుకుని కాలి బొటనవేలితో నేల గీరుతూ ఉండిపోయింది.

ఇక నేను చేసింది చెప్తాను. చాయ్ తాగాను. "పరీక్షలు రాయనీయరాదే గుర్వయ్యా, మంచిగ సదివే పిల్ల" అని రెండు మాటలు అన్నాను. అట్లాసు మూసి మంచం మీద పెట్టాను. బండి తీసుకుని వచ్చేశాను. అంతే చేశాను. తప్పు నాది అన్న మాట నాలుక దాకా వచ్చి, మళ్లీ లోపలికి పోయింది. గుర్వయ్య వాకిలి దాకా వచ్చి సాగనంపాడు, ఇంటిదాకా వచ్చినందుకు దండం కూడా పెట్టాడు.

మంగళవారం గడిచింది. ఊళ్లో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించింది. నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గొర్లు చచ్చింది యూరియా నీళ్లు తాగి కదా, అట్లాసు వల్ల కాదు కదా! అంత అనుభవం ఉన్న కాపర్లు పదో తరగతి పిల్ల మాట వినడమేమిటి? ఇలాంటివి చాలా అనుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు.

బుధవారం హాల్‌టికెట్లు వచ్చాయి. ఒక్కొక్కరినీ పిలిచి సంతకం పెట్టించుకుని ఇచ్చాను. చివరికి బల్ల మీద ఒక్కటి మిగిలింది. ఫొటోలో మల్లీశ్వరి రెండు జడలు వేసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, ఏదో అడగబోతున్నట్టే ఉంది. దాన్ని అలమరాలో పెట్టి తాళం వేద్దామనుకున్నాను. చేయి రాలేదు.

బేస్తవారం తెల్లవారి ఊరవతల గొర్ల దొడ్డి దగ్గరికి పోయాను. తడకలు తీస్తున్నారు. గొర్లు బయటికి వచ్చి దుమ్ము రేపుతున్నాయి. మల్లీశ్వరి రెండు నూనె డబ్బాల నిండా నీళ్లు పట్టి, వాటికి తాడు కట్టుకుంటోంది. బడికి వేసుకొచ్చే బూట్లే వేసుకుంది.

కురుమయ్య నన్ను చూసి గొంగడి సర్దుకున్నాడు. "గింత పొద్దుగాల్నే వచ్చిండ్రు, ఏంది సార్?"

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అదేదీ నోటికి రాలేదు.

"మల్లీశ్వరి తప్పు చదవలే," అన్నాను. "గీత తెగింది ఎందుకని నవంబర్లనే నన్ను అడిగింది. తెగిన గీతంటే ఎండిపోయే వాగు. నాకు తెల్వకుండె. తెల్వదని చెప్పనీకి నామోషీ అయ్యి, అచ్చు తప్పని చెప్పిన. నా మాట నమ్మి ఆ పిల్ల గీత కలిపింది. మొన్న మీ ఇంటికి వచ్చి గూడ చెప్పకుండ పోయిన గుర్వయ్యా. నీళ్ల మాట నీ బిడ్డది గాదు. నాది."

గొర్లు అరుస్తున్నాయి. గుర్వయ్య చేతిలోని తడకను నేల మీద పెట్టాడు.

కురుమయ్య పిల్లవైపు తిరిగాడు. "నిజమేనా?"

తల ఊపింది.

"మరి గిన్నొద్దులు నోరు మూసుకొని ఎందుకున్నవే? మేం అందరం నిన్ను అనబడితిమి."

మల్లీశ్వరి తాడు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "సార్‌కు తెల్వదని నేనెట్ల చెప్పాలె పెదనాయినా? మంది ముంగట సార్ ఇజ్జత్ పోదా?"

ఆ మాట విన్నాక నేను ఆ పిల్ల వైపు చూడలేకపోయాను. పదిహేనేళ్ల పిల్ల నా పరువు కోసం నాలుగు నెలలు ఎండలో నడవడానికి బూట్లు వేసుకుంది. నేను నా పరువు కోసం ఆ పిల్ల ఇంట్లో చాయ్ తాగి వచ్చాను. ఇంతకన్నా సిగ్గుమాలిన మనిషి ఉంటాడా!

"నడవాల్సింది నేను," అన్నాను. "సెలవు పెడత. నిజంగనే అంటున్న. పద్ధతి పద్ధతే గద."

కురుమయ్య నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది.

"మీరు ముంగట నడిస్తే మా గొర్లు యాడికి పోవాలె సార్? మీకు దారి తెల్వది గద," అన్నాడు. పిల్లతో, "డబ్బాలు కింద పెట్టు బిడ్డా. సార్ బండెక్కి బడికి పో," అన్నాడు.

గుర్వయ్య దగ్గరికి వచ్చాడు. నిలదీస్తాడని నిలబడ్డాను. "ఇంత దూరం వచ్చి చెప్పిండ్రు, గదే చాలు సార్," అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చేయి వదిలేదాకా నేను నేలచూపులే చూశాను. డబ్బాలు తన భుజానికి వేసుకుని మంద ముందుకు పోయాడు. ముప్పై ఒక్క గొర్లు పోయిన మంద అది. అంత తేలిగ్గా నన్ను వదిలేశారు. నాకు శిక్ష వేసి ఉంటే, ఏ అమ్రాబాద్ గుట్టల దాకానో నడిపించి ఉంటే, రాత్రి నిద్రయినా పట్టేది.

ఆ రోజే క్లాసులో నిలబడి మొత్తం చెప్పాను. ఇరవై ఎనిమిది మందికీ, వాళ్లు కాపీ కొట్టారన్నందుకు క్షమించమన్నాను. అనూహ్య మొదటిసారి కొంచెం నవ్వింది. గ్లోరీ మేడంకు ఫోన్ చేసి, మీ పరిశోధనలో ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, పిల్లలకు ఆ తప్పు నేర్పింది నేనే అన్నాను.

"నాకప్పుడే అనుమానమొచ్చింది సార్," అందామె. "కాపీ కొట్టినోళ్ల మొఖాల్ల భయముంటది. వీళ్లు నమ్మి రాసిండ్రు."

మల్లీశ్వరి హాల్‌టికెట్ మీద సంతకం పెట్టి తీసుకుంది. పరీక్షలదాకా ఒక్క రోజు కూడా మానకుండా వచ్చింది. అదే రెండో బెంచీ. నేను అడిగిన వాటికి జవాబులు చెప్పింది, నోట్సు చక్కగా రాసుకుంది, పొద్దున్నే నమస్తే పెట్టింది. ఎక్కడా అమర్యాద లేదు. కానీ ప్రశ్న మాత్రం అడగలేదు. రోజూ పాఠం అయ్యాక "ఏమన్న అడిగేదుందా?" అని అందరినీ అడిగినట్టే అడిగి, రెండో బెంచీ వైపు చూసేవాణ్ని. ఆ చెయ్యి లేచేది కాదు.

చివరి రోజు పటాలు మరోసారి తిరగేయించాను. ఈసారి ఇంటి దగ్గర అన్నీ చదువుకుని, చూసుకుని వచ్చాను. నల్ల చుక్కల వరస రాష్ట్రం సరిహద్దు అని చెప్పాను. అందరూ తలలు వంచి రాసుకున్నారు. మల్లీశ్వరి రాసుకోలేదు. అట్లాసు చివరి పేజీ తిప్పింది. గుర్తుల పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ, ఆ చుక్కల వరస దగ్గర ఆగి, పక్కనున్న మాట చదువుకుంది. అప్పుడు వెనక్కి వచ్చి నోట్సులో రాసుకుంది. నేను చెప్పింది సరిగ్గానే ఉంది. తర్వాతి గుర్తు చెప్పాను. ఆ పిల్ల మళ్లీ చివరి పేజీ తిప్పింది.